పందెపు వీరుడు - గృహస్థుడు

కారు పందెము అనగానే మనకు మొదట స్ఫురించునది వేగము. ఆ వెంటనే స్ఫురించునది ప్రాణాపాయము. ఈ రెండింటి నడుమ మూడవది ఒకటి ఉన్నది. పందెమునకు పోవు మనిషికి ఒక ఇల్లు ఉండును. ఆ ఇంటిలో భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు ఉందురు. సాహసము అతనిది, ఎదురుచూపు వారిది. ఈ ఎదురుచూపునకు గూడ ఒక విలువ కట్టవలెనని పట్టుబట్టి, ఒక క్రీడ నడక మార్చిన వ్యక్తి జాకీ స్టూవర్ట్. అతని జీవితమును, అతడు తెచ్చిన మార్పును ఈ ప్రసంగములో పరిశీలింతము.

స్టూవర్ట్ 1939 జూన్ 11న స్కాట్లండులో డంబార్టన్ పట్టణము చెంతనున్న మిల్టన్ గ్రామమున జన్మించినాడు. తండ్రికి మోటారు కార్ల వ్యాపారము, మరమ్మతు శాల ఉండెడివి. అన్న జిమ్మీ పందెపు కార్లు నడిపినవాడే. 1954లో ఫ్రాన్సుదేశపు ల మాన్ పందెములో జిమ్మీ ప్రమాదమునకు గురియైనాడు. ఆనాటినుండి ఆ తల్లికి కారు పందెము పేరెత్తిన గిట్టలేదు. చిన్న కుమారుడును ఆ దారినే పట్టుట ఆమె ఏనాడును మనసారా అంగీకరించలేదు.

బడిలో స్టూవర్ట్ మందమతి అనిపించుకొన్నాడు. అక్షరములు అతని కంటికి కుదురుగ నిలిచెడివి కావు. పదునైదవ యేట చదువు మాని, తండ్రి మరమ్మతు శాలలో పనికి కుదిరినాడు. ఇది బుద్ధిలోపము కాదనియు, డిస్లెక్సియా అను పఠన వైకల్యమనియు అతనికి తెలిసినది 1980లో. అదియును తన కుమారునకు అదే ఇబ్బంది కలిగి, పరీక్షలు జరిపించినప్పుడు. బడిలో పోయిన గౌరవమును అతడు మొదట తుపాకి గురిలో సంపాదించుకొన్నాడు. గాలిలోనికి విసరిన మట్టి బిళ్ళలను కొట్టు పోటీలలో ఆరితేరి, 1960 రోమ్ ఒలింపిక్ క్రీడల జట్టులో చోటు కొద్దిలో తప్పిపోవునంత వరకు ఎదిగినాడు.

1962లో హెలెన్ మెక్‌గ్రెగర్‌ను వివాహమాడినాడు. 1964లో కెన్ టిరెల్ అను జట్టు యజమాని గుడ్‌వుడ్ మైదానమున అతనిని పరీక్షించి, తన కారు అప్పగించినాడు. మరుసటి యేటనే స్టూవర్ట్ ఫార్ములా వన్ పందెములలో ప్రవేశించి, ఇటలీలోని మోన్జాలో మొదటి విజయము సాధించినాడు. ఆ 1965లోనే పెద్ద కుమారుడు పాల్, 1968లో రెండవ కుమారుడు మార్క్ జన్మించినారు. హెలెన్ పందెములకు వెంట వెళ్ళి, గడియారము చేతబట్టి, ఒక్కొక్క చుట్టునకు భర్త తీసుకొన్న కాలమును వ్రాసికొనెడిది. కారు రావలసిన క్షణమునకు రాకపోయినచో ఆ గడియారము ఏమి చెప్పునో శ్రోతలు ఊహించుకొనవచ్చును.

ఇచట ఆనాటి పందెపు కారు స్వరూపమును కొంత తెలుసుకొనుట అవసరము. సన్నని పొడవైన అల్యూమినియము గొట్టము వంటి దేహములో నడుపరి ఇంచుమించు వెల్లకిల పరుండును. అతనికి ఇరుప్రక్కల పెట్రోలు సంచులు. నడుమునకు పట్టీ కట్టుకొను అలవాటు లేదు. మంటలలో చిక్కుకొనుటకంటె కారునుండి బయటకు విసరివేయబడుటయే మేలని అప్పటి నమ్మకము. పందెపు బాటలు అనేకము మామూలు రహదారులే. బెల్జియములోని స్పా బాట పొడవు 14 కిలోమీటర్లు. దాని వెంబడి చెట్లు, స్తంభములు, ఇండ్లు, కందకములు ఉండెడివి. రక్షణకు అక్కడక్కడ గడ్డిమోపులు మాత్రమే.

1966 జూన్ 12న ఆ స్పాలో పందెము మొదలైన కొద్ది నిమిషములకే, బాటకు ఆవలి భాగమున కుండపోతగ వాన కురిసినది. మొదటి చుట్టులోనే పలు కార్లు పట్టుతప్పినవి. స్టూవర్ట్ కారు బాట వీడి, కట్టడములను ఢీకొని, ఆగినది. దేహము నలిగిపోయి, అతని కాళ్ళు చుక్కాని చక్రము క్రింద చిక్కుకొన్నవి. సంచులు పగిలి పెట్రోలు ఒడలెల్ల తడిపినది. ఒక్క నిప్పురవ్వ చాలును. అచట పరిచారకులు లేరు, పనిముట్లు లేవు. సహ పందెగాండ్రైన గ్రాహమ్ హిల్, బాబ్ బాండురాంట్ తమ పందెము విడిచి వచ్చి, ఒక ప్రేక్షకుని వద్ద పానా తెచ్చి, చక్రము ఊడదీసి అతనిని వెలికి తీయుటకు దాదాపు 25 నిమిషములు పట్టినది. ప్రథమ చికిత్స జరుగు గదిలో నేల నిండ సిగరెట్టు పీకలు. పిదప అతనిని లియేజ్ నగరపు ఆసుపత్రికి తీసికొనిపోవు బండి దారి తప్పినది.

కోలుకొన్న వెంటనే అతడు చేసిన మొదటి పని మిక్కిలి చిన్నది. తన కారులో చుక్కాని దండమునకు ఒక పానా అంటించుకొన్నాడు. రెండవ పని మిక్కిలి పెద్దది. రక్షణ లేని బాటలపై పందెములు జరుపరాదని ఉద్యమము ప్రారంభించినాడు.

అతడు కోరినవి ఏవి? నడుపరులందరికి పట్టీలు, అగ్ని నిరోధక దుస్తులు, ముఖము కప్పు శిరస్త్రాణము, బాట ప్రక్కల ఉక్కు కమ్మీలు, శిక్షణ పొందిన అగ్నిమాపకులు, వైద్యులు. వీని వెనుక ఒక భౌతికసూత్రము ఉన్నది. వేగము రెట్టింపైనచో కారులోని గతిశక్తి నాలుగు రెట్లగును. ఆ శక్తి ఎచటనో ఒకచోట ఖర్చు కావలెను. చెట్టును ఢీకొన్నచో రెప్పపాటులో, మనిషి దేహముపైననే ఖర్చగును. వాలుగ తాకిన కారును కమ్మీ బాట వెంబడే జార్చి, లోహము వంగుటలో, రాపిడిలో ఆ శక్తిని కొంచెము కొంచెముగ హరించును. పట్టీ యుండుటవలన మనిషియు కారుతో పాటే నెమ్మదించును. ఆపుటకు పట్టు కాలము ఎంత పెరిగిన, దెబ్బ అంత తగ్గును.

మాట సులభము, ఖర్చు అధికము. బాటల యజమానులు కోపించినారు. పత్రికలలో కొందరు, తోటి పందెగాండ్రలో కొందరు అతనిని పిరికివాడన్నారు. దానికి 1968 ఆగస్టులో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో సమాధానము దొరికినది. 22 కిలోమీటర్లకు మించిన కొండబాట, వాన, దట్టమైన మంచు. స్టూవర్ట్ మణికట్టు ఎముక విరిగి కట్టుతో ఉన్నది. అయినను రెండవవానికంటె 4 నిమిషములు ముందుగ గమ్యము చేరినాడు. అట్టివానిని పిరికివాడనుట అటుపై ఎవరికిని అంత తేలిక కాలేదు. 1969లో స్పా పందెము రద్దైనది. 1970లో నడుపరుల పట్టుదలవలన జర్మనీ పందెము న్యూర్‌బర్గ్‌రింగ్‌ను విడిచి హాకెన్‌హైమ్‌కు మారినది.

ఈలోగ మిత్రులు ఒక్కొక్కరుగ రాలిపోవుచుండిరి. 1968 ఏప్రిల్‌లో స్కాట్లండువాడే యైన జిమ్ క్లార్క్ హాకెన్‌హైమ్‌లో చెట్లను ఢీకొని మరణించినాడు. 1970 జూన్‌లో పీయర్స్ కరేజ్, సెప్టెంబరులో యోకెన్ రింట్ గతించినారు. హెలెన్ ఆ స్నేహితుల భార్యలకు తోడుండి ఓదార్చినది. మరల తన గడియారము చేతబట్టినది.

స్టూవర్ట్ 1969, 1971, 1973లలో ప్రపంచ విజేత యైనాడు. 1973 ఏప్రిల్‌లోనే, ఆ యేటితో పందెములు మానవలెనని నిశ్చయించుకొని, ఇద్దరు ముగ్గురికి మాత్రము చెప్పినాడు. భార్యకు చెప్పలేదు. చెప్పినచో ఇంక పది, ఇంక తొమ్మిది అని ఆమె దినములు లెక్కించుకొనుచు కుమిలిపోవునని అతని భయము. చివరిది అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ పందెము. అది అతనికి నూరవది కావలసినది. అక్టోబరు 6న, పందెమునకు ముందునాటి సాధనలో, అతని జట్టువాడును, తమ్ముని వంటివాడునగు ఫ్రాంస్వా సెవేర్ కమ్మీలను ఢీకొని మరణించినాడు. జట్టు పందెమునుండి విరమించుకొన్నది. స్టూవర్ట్ లెక్క 99 పందెములు, 27 విజయములతో నిలిచిపోయినది. ఆ విజయముల సంఖ్యను దాటుటకు 1987లో అలేన్ ప్రాస్ట్ రావలసి వచ్చినది.

తరువాతి జీవితము దీర్ఘమైనది. 1996లో కుమారుడు పాల్‌తో కలిసి సొంత జట్టు నెలకొల్పినాడు. 1999లో ఆ జట్టు న్యూర్‌బర్గ్‌రింగ్‌లోనే ఒక విజయము పొందినది. 2001లో సర్ బిరుదము లభించినది. 2014లో హెలెన్‌కు మతిమరపు వ్యాధులలో ఒకటి సోకినట్లు వైద్యులు తేల్చినారు. వేలకొలది చుట్టుల కాలమును గుర్తుంచుకొన్న మనసునకు ఆ జబ్బు! ఆ వ్యాధికి మందు కనుగొను పరిశోధనలకై అతడు 2016లో ఒక ధర్మసంస్థ స్థాపించినాడు. వెనుకటివలెనే, ఇంటి బాధనుండి పదిమందికి పనికివచ్చు పని పుట్టినది.

ప్రమాదములు పూర్తిగ తొలగిపోలేదు. 1994లో ఇమోలాలో రెండు రోజులలో ఇద్దరు నడుపరులు మరణించినారు. కాని 2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు కమ్మీని చీల్చుకొని, రెండు ముక్కలై భగ్గున మండినప్పుడు, అతడు అర నిమిషము లోపుననే మంటలలోనుండి తానే బయటపడినాడు. వైద్యుని కారు అప్పటికే అచట నిలిచి యున్నది. స్పాలోని ఆ 25 నిమిషములతో దీనిని పోల్చి చూడవలెను.

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెము జరిగినది. చూడ వెళ్ళినవారిలో కొందరు బాట ప్రక్కల కాంక్రీటు గోడలు, ఎత్తైన వలలు కంటికి అడ్డమని విసుగుకొని యుందురు. ఆ గోడలు పుట్టుటకు వెనుక ఇంత కథ ఉన్నది. మనము పందెములకు పోకపోవచ్చును. బజారుకైనను కారులో పోవుదుము గదా. పట్టీ పెట్టుకొనుటకు రెండు క్షణములు పట్టును. ఇంటివద్ద గడియారము చూచుకొనుచుండువారికి మనము ఇయ్యదగినది ఆ రెండు క్షణములే.