సూపర్‌మ్యాన్‌కి క్షవరం

మెడకి టవల్ కట్టుకుని సోఫా మీంచి దూకే మన బుజ్జి సూపర్‌మ్యాన్, బార్బర్ షాపులో మెడకి గుడ్డ చుట్టగానే కప్పెగిరిపోయేలా ఎందుకు ఏడుస్తాడు? తమాషా ఏమిటంటే, ఇక్కడ అమెరికాలో ఆ రెండు గుడ్డల పేరూ ఒకటే... కేప్! కాకపోతే టవల్ వాడంతట వాడే కట్టుకుంటాడు, బార్బర్ గుడ్డ ఎవరో కడతారు. పైగా చెవి పక్కన జుయ్యిమనే మిషను, కదలొద్దని ఆర్డరు! మనవైపు పుట్టువెంట్రుకలప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. ఇక్కడ ఆ ఎత్తు కుర్చీలో ఒక్కడే కూర్చోవాలి పాపం.

సూపర్‌హీరో ఆటని మనం అల్లరి కింద కొట్టిపారేస్తాం గానీ, దానివల్ల పనికొచ్చే లాభం ఒకటుంది. 2017లో 'చైల్డ్ డెవలప్‌మెంట్' జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలు 180 మందికి 10 నిమిషాలపాటు విసుగుపుట్టించే పని ఇచ్చి, పక్కనే ఐప్యాడ్‌లో ఆట పెట్టారు. కొందరు "నేను కష్టపడుతున్నానా?" అని, కొందరు తమ పేరుతో, మిగిలినవాళ్ళు "బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?" అన్నట్టు తమని తాము ప్రశ్నించుకోవాలి. బ్యాట్‌మ్యాన్ లాంటి వేషం వేసుకున్నవాళ్ళే అందరికంటే ఎక్కువసేపు పని చేశారు! దీన్నే 'బ్యాట్‌మ్యాన్ ఎఫెక్ట్' అంటున్నారు. అది క్షవరం మీద చేసిన పరీక్ష కాదనుకోండి. కానీ వేరొకరిలా ఊహించుకుంటే ఓర్పు పెరుగుతుందన్న సూత్రం బార్బర్ కుర్చీలోనూ పనికొస్తుందని నా నమ్మకం.

డెరిక్ బార్న్స్ రాసి, గోర్డన్ జేమ్స్ బొమ్మలు వేసిన 'క్రౌన్' (2017) అనే పిల్లల పుస్తకంలో జరిగేది ఇంచుమించు ఇదే. క్షవరానికి కూర్చున్న నల్లజాతి కుర్రాడు తన గురించి గొప్పగొప్పగా ఊహించుకుంటూ, చివరికి రాజులా బయటికొస్తాడు. ఈ పుస్తకానికి 2018లో న్యూబెరీ, కాల్డెకాట్ ఆనర్లు రెండూ దక్కాయి.

పడీపడీ నవ్వాలంటే రాబర్ట్ మన్ష్ రాసిన 'స్టెఫనీస్ పోనీటెయిల్' (1996) చదవండి. తన పోనీటెయిల్‌ని రోజూ కాపీ కొడుతున్న క్లాసుతో, రేపు గుండు చేయించుకుంటానంటుంది స్టెఫనీ. మర్నాడు టీచరుతో సహా అందరివీ గుండ్లే, స్టెఫనీకి తప్ప!

ఈ రెండు పుస్తకాల్లోనూ జుట్టు ఎవరిదో పెత్తనం వాళ్ళదే. కాబట్టి ముందురోజు రాత్రి ఏదో ఒకటి చదివి వినిపించండి. రేపు ఏ హీరోగా వెళ్ళాలో వాణ్ణే ఎంచుకోనివ్వండి. కుర్చీలో కూర్చున్నాక చేతులు గట్టిగా పట్టుకునే బదులు, "బ్యాట్‌మ్యాన్ కదలకుండా ఉన్నాడా?" అని అడిగి చూడండి.

ఒక్క హల్క్‌ని మాత్రం ఎంచుకోనివ్వకండి. మావాడి అనుభవంతో చెబుతున్నాను... హల్క్ కదలకుండా కూర్చోడు!