గర్భనిరోధక మాత్రలు: ఒక రకము నుండి మరియొక రకమునకు మారునపుడు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. మాత్రలు వాడువారు నూటికి ఒక్కరైనను లేరు. సంఖ్య ఇంత స్వల్పమైనపుడు ఈ విషయమై పంచాయతి సభ్యులకు వ్యాసమేల యని కొందరడుగవచ్చును. స్వల్పమగుటయే ఇచట చిక్కు. మాత్ర వాడు స్త్రీ తన వీధిలో ఒంటరిది. పొట్లము మారినపుడు అడిగి తెలిసికొనుటకు ఆమెకు తోటికోడలుగాని ఇరుగుపొరుగుగాని అక్కరకు రారు.

పలాస, టెక్కలి ప్రాంతములలోను, ఉద్దానపు తీరమునందును పొట్లము మారుటకు కారణములు పెక్కు గలవు. మత్స్యకారుల గ్రామములనుండి పురుషులు గుజరాతునందలి వెరావల్ రేవునకు వేటకై పోయి నెలల తరబడి రారు. భర్త ఊర లేనపుడు మాత్రలు మానిన ఇల్లాలు ఆయన వచ్చునప్పటికి దొరికిన పొట్లమును తెచ్చుకొనును. విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పనికి పోయిన దంపతులు అచటి అంగడిలో కొన్నదానితో తిరిగి వత్తురు. ఇచ్ఛాపురము వైపువారు బరంపురములో కొందురు. ఉపకేంద్రమున నిలువ అయిపోయిననాడు ఆశా కార్యకర్త చేతిలో ఉన్నదే ఇచ్చును. “మందు మారిపోనాదమ్మా” అని అడిగిన స్త్రీకి సరియైన సమాధానము దొరకవలెను.

ప్రభుత్వము ఉచితముగా నిచ్చు మాలా-ఎన్, చవుకగా అమ్ము మాలా-డి పేరుకు వేరైనను మందు ఒకటే. రెండింటిలోను లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాము, ఎథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాము ఉండును. పొట్లమున 28 బిళ్ళలు. అందు 21 మందు బిళ్ళలు, తక్కిన 7 రక్తపుష్టికై చేర్చిన ఇనుము బిళ్ళలు. ఈ రెండింటిలో ఒకదానినుండి మరియొకదానికి మారుటలో ప్రమాదమేమియు లేదు. పాతది ముగిసిన మరునాడే క్రొత్తదానిలో మొదటి బిళ్ళ వేసికొనవలెను.

అంగడిలో దొరకు ఓవ్రల్-ఎల్ నందును ఇదే మందు ఇదే మోతాదులో నున్నది గాని, పొట్లమున 21 బిళ్ళలే ఉండును. ఇనుము బిళ్ళలు లేవు. అది వాడువారు 21 దినములైన పిమ్మట 7 దినములు విడిచి క్రొత్త పొట్లము మొదలిడుదురు. పొరపాటు జరుగునది ఇక్కడనే. దానికి అలవాటుపడిన స్త్రీ మాలా-ఎన్‌కు మారి, 28 బిళ్ళలు ముగించిన పిదప కూడ పాత అలవాటున మరియొక 7 దినములు విడుచును. ఇనుము బిళ్ళల 7 దినములలో గర్భనిరోధక మందు లేదు గదా! రెండును కలిసి 14 దినములు మందు లేనట్లాయెను. మందు ఉన్నంతకాలము అండము విడుదల కాదు. 7 దినముల విరామమునకు ఆ కట్టు సడలదు. విరామము అంతకు మించిన సడలును. ఆమె బిళ్ళలు మరువలేదు, అయినను గర్భము నిలుచును. మందు పనిచేయలేదని ఊరెల్ల అనుకొనును. కొన్ని రకములలో 24 మందు బిళ్ళలు, 4 మందులేని బిళ్ళలు ఉండును. కావున పొట్లము మారినపుడు మొదట లెక్కింపవలసినది బిళ్ళలను. మారుటకు నిరపాయమైన మార్గము, పాతదానిలో మందు బిళ్ళలు ముగిసిన మరునాడే క్రొత్తదానిలో మందు బిళ్ళ మొదలుపెట్టుట.

ఇంతకంటె పెద్ద పొరపాటు ఛాయా విషయమున జరుగును. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ కనిపెట్టిన ఈ మందు 1991లో సహేలి అను పేర అంగడికి వచ్చినది. 2016లో ఛాయా అను పేర జాతీయ కార్యక్రమమున చేరినది. దీనిలో హార్మోనులు లేవు. ముట్టు వచ్చిన మొదటి దినమున ప్రారంభించి మొదటి మూడు నెలలు వారమునకు రెండు, ఆ పిదప వారమునకు ఒకటి చొప్పున వేసికొనవలెను. మొదటిది ఆదివారమైనచో రెండవది బుధవారము. మూడు నెలల తరువాత ఆదివారము మాత్రమే. ఛాయా వాడి మాలాకు మారిన స్త్రీ మాలాను గూడ వారమునకొకటి వేసికొన్నచో ఏ రక్షణయు లేదు. క్రొత్త పొట్లమిచ్చునపుడు “రోజుకొకటి”, “వారానికొకటి” అను మాటను చెప్పి ఊరకుండక, ఆమె నోట తిరిగి చెప్పించుకొనుట మేలని మా అభిప్రాయము. మాలా నుండి ఛాయాకు మారు దినమును, ఆ తొలిదినములలో నిరోధ్ అవసరమా కాదా యనుటను ఏ.ఎన్.ఎం. నిర్ణయించును. ఛాయా వాడునపుడు ముట్టు ఆలస్యమగుట కలదు; 15 దినములు మించినచో గర్భ పరీక్ష చేయింపవలెను.

ఇక ఉద్దానమునకే ప్రత్యేకమైన సంగతి. ఇచ్చట మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమగుటకు కారణమదియే. మాలా వంటి మాత్రలు రక్తపుపోటు 140/90, అంతకు మించి ఉన్నవారికి తగవు. అట్టివారికి హార్మోను లేని ఛాయా ఇత్తమని తోచుట సహజము. కాని ప్రభుత్వ మార్గదర్శక గ్రంథము మూత్రపిండ వ్యాధి గలవారికి ఛాయాను గూడ వలదనుచున్నది. రక్తపుపోటు పెరుగుట మూత్రపిండ వ్యాధికి తొలి సూచన కావచ్చును. కనుక పోటు ఎక్కువైనదని మాత్ర మార్చుటకు ముందు రక్తములో క్రియాటినిన్ పరీక్ష జరుగవలెను. వ్యాధి ఉన్నదని తేలినచో నిరోధ్ గాని, వైద్యుని సలహాపై కాపర్-టి గాని మార్గము. ఇటీవల పచ్చకామెర్లు వచ్చినవారికి ఈ రెండు మాత్రలును తగవు.

తీరగ్రామములలో పెద్దవయసు స్త్రీలు అడ్డచుట్ట త్రాగుట కలదు. 35 ఏండ్లు దాటి పొగత్రాగువారు మాలా వాడినచో గుండెపోటు, పక్షవాతముల భయమున్నది. ఇది అడుగుటకు మొగమాటపడరాదు. పాలిచ్చు తల్లి కాన్పైన ఆరు నెలల వరకు మాలాకు మరలరాదు. ఆమెకు ఛాయా ఇయ్యవచ్చును. క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు కొన్ని మందులు మాలా బలమును తగ్గించును.

మాలాలో మందు బిళ్ళ ఒకటి మరచినచో జ్ఞప్తికి వచ్చినపుడే వేసికొని తక్కినవి యథాప్రకారము సాగింపవలెను. రెండుగాని అంతకు మించిగాని మరచినచో వెంటనే ఒకటి వేసికొని, 7 దినములు నిరోధ్ వాడవలెను.

సభ్యులు స్వయముగా మందుల సలహా చెప్పవలెనని మేమనుట లేదు. ఇద్దరికి మించి సంతానము గలవారు పంచాయతి ఎన్నికలలో నిలువరాదను 1994 చట్టపు నిబంధన 2024లో తొలగిపోయినది. ఎందరు బిడ్డలు, ఎంత యెడము అనునది ఆ దంపతుల ఇష్టము. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము కూడినపుడు ఉపకేంద్రమున ఏ రకము ఎన్ని నెలలకున్నదో, రక్తపుపోటు యంత్రము పనిచేయుచున్నదో లేదో విచారించుట మాత్రము సభ్యుల పనియే. మాత్రలు తీసికొను స్త్రీల పేర్లు అడుగనక్కరలేదు, అడుగరాదు. జీడిపప్పు కర్మాగారములకు తెల్లవారకముందే పోవు స్త్రీలకు పగటివేళ ఉపకేంద్రము అందదు. ఆశా కార్యకర్త సాయంకాలము ఇంటికి పోవునట్లు ఏర్పాటు మాటలాడవచ్చును. 2018 అక్టోబరులో తిత్లీ తుపానున చెట్లు కూలి దారులు మూసికొనిపోయిన దినములు మనకు తెలిసినవే. ఆశ్వయుజ కార్తికములలో ప్రతివారికి ఒక పొట్లము అదనముగా, వాడుచున్న రకమునే, ముందుగా ఇచ్చి ఉంచుమని ఏ.ఎన్.ఎం.ను కోరవలెను.