ఆ పాలడబ్బా బయట పెట్టండి

పోయిన నెల మా చెల్లెలి కూతురి ఆసుపత్రి బ్యాగు సర్దుదామని కూర్చున్నాను. ఎవరో ఫోనులో పంపిన జాబితా చూసి అప్పటికే సగం సర్దేసుకుంది. జిప్పు తీస్తే నైటీల మీద పాలపొడి డబ్బా, దాని పక్కన రెండు పాలసీసాలు. ఇవెందుకే అంటే, "ఆపరేషన్ కదా పెద్దమ్మా, మూడు రోజులదాకా పాలు పడవట. అందరూ అంటున్నారు" అంది.

అందరూ అంటున్నదే అబద్ధం. పాలు పడాలంటే నొప్పులు రానక్కర్లేదు, మాయ బయటికొస్తే చాలు. మాయ రాగానే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పడిపోతుంది. అన్నాళ్లూ అది అణచిపెట్టిన పాల తయారీ ఊపందుకుంటుంది. కడుపు కోసి బిడ్డను తీసినా మాయనూ తీస్తారు కదా! ముర్రుపాలైతే బిడ్డ కడుపులో ఉండగానే రొమ్ముల్లో సిద్ధంగా ఉంటాయి.

మూడు రోజుల మాట ఎక్కడ పుట్టిందో చెబుతాను. ఏ కాన్పు అయినా పాలు ధారగా రావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. సిజేరియన్ అయితే కొందరికి ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. అంతవరకూ వచ్చేది చిక్కటి, పసుపుపచ్చటి ముర్రుపాలు. చూడ్డానికి నాలుగు చుక్కలే. మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది 2 నుంచి 10 మిల్లీలీటర్లే కాబట్టి ఆ చుక్కలే సరిపోతాయి. గ్లాసుడు పాలు కనిపించలేదని "పాలు లేవు" అనేస్తారు.

ఆ మాట ఎంత చేటు చేస్తుందో మా మరదలి పురిట్లో కళ్లారా చూశాను. మొదటి రాత్రి బిడ్డ ఏడ్చింది. ఎవరో డబ్బాపాలు కలిపి పట్టారు. కడుపు నిండి బిడ్డ నిద్రపోయింది, రొమ్ము పట్టలేదు. మర్నాడూ అంతే. బిడ్డ చప్పరిస్తేనే తల్లికి పాలు ఊరతాయి, తీసేకొద్దీ వస్తాయి. మూడో రోజుకి రొమ్ములు రాళ్లలా బిగుసుకుపోయి, జ్వరమొచ్చి, ఆ పిల్ల కుట్ల నొప్పి మరిచి దీనికి ఏడ్చింది. బిడ్డేమో సీసాకి అలవాటుపడి మొహం తిప్పుకుంది. "చెప్పాం కదా, ఆపరేషన్ తల్లికి పాలుండవని" అని చుట్టాలు తీర్పిచ్చారు. పాలు లేకుండా చేసింది ఆ డబ్బాయే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. ఇంతమంది తల్లుల బ్యాగుల్లోకి ఒక అబద్ధం డబ్బా రూపంలో వెళ్తోంది. పాలడబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయకూడదని, తల్లిపాలే మేలని దాని మీదే ముద్రించాలని 1992 నుంచి చట్టముంది. ఆ ముక్క ఒక్కసారి చదివి సర్దండి.

పోతపాలు నిజంగా అవసరమయ్యే బిడ్డలూ ఉంటారు. నెలలు నిండనివాళ్లు, రక్తంలో చక్కెర పడిపోయినవాళ్లు. ఆ సంగతి పిల్లల డాక్టరు తేలుస్తారు, ఎంత పట్టాలో చెబుతారు. హైదరాబాదు నీలోఫర్‌లో ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉన్నదే అలాంటి బిడ్డల కోసం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆపరేషన్‌లో అంతా శుభ్రం చేసేస్తారు, ప్యాడ్లు అక్కర్లేదంటారు. తప్పు, నాలుగు నుంచి ఆరు వారాలు రక్తస్రావం ఉంటుంది. పెద్ద ప్యాడ్లు పెట్టుకోండి. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయన్నదీ తప్పే. డాక్టరు తాగమన్నప్పటి నుంచి తాగాల్సిందే. తేనె, ఆముదం, పంచదార నీళ్లు బిడ్డ నోట్లో చుక్క కూడా వద్దు. ముందే సర్దితే అపశకునమట! నొప్పులు తారీకు చూసుకుని రావు, 36వ వారానికల్లా బ్యాగు గుమ్మం దగ్గరుండాలి.

పురిటిబిడ్డకు కొత్తబట్ట కట్టకూడదన్న మా అమ్మ మాటకు మాత్రం తలొగ్గక తప్పదు. ఆమె చెప్పే దోషం మాట నేనొప్పుకోను. కానీ పదేళ్లు ఉతికిన నూలుచీర మెత్తదనం కొత్త గుడ్డకు రాదు, గంజీ రంగూ ఎప్పుడో పోయుంటాయి. వేణ్ణీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసిన ముక్కలు పది పెట్టండి.

డబ్బా తీసేసిన చోట మేం పెట్టినవి: ముందు గుండీలున్న నైటీలు మూడు, నడుముకు పైదాకా వచ్చే వదులు లోదుస్తులు, గట్టి దిండొకటి. దగ్గొస్తే కుట్ల మీద అదుముకోవడానికీ, పాలిచ్చేటప్పుడు బిడ్డను చంక కింద ఆనించుకోవడానికీ ఆ దిండే. అలా ఆనించుకుంటే బిడ్డ కాళ్లు కుట్ల మీద పడవు. ఆరోగ్యశ్రీ కార్డు, రిపోర్టుల ఫైలు పక్క అరలో.

ఇంకొకటి బ్యాగులో పట్టదు, ముందే మాట్లాడుకోవాలి. వెన్నుకు మత్తిస్తే తల్లి మెలకువగానే ఉంటుంది. ఇద్దరూ బాగుంటే మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించమని డాక్టరునూ నర్సునూ ముందుగానే అడగండి. బిడ్డ మరీ మగతగా ఉన్నా, మూత్రం పోయకపోయినా, ఆగకుండా వెంటనే చెప్పండి.

మా పిల్ల చివర్లో జంకుతూ అడిగింది, "ఒకవేళ బిడ్డ పట్టకపోతే?" అని. పాలు పిండి పట్టమని చెప్పి, మా అమ్మ వెండి ఉగ్గుగిన్నె మరిగే నీళ్లలో వేసి తీసి, శుభ్రమైన గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టాను.