మీకు తెలుసా? తొండి చేయని కంప్యూటర్ ఆటలు

ఓడిపోయినవాడు ఆటను తిట్టడం ఎప్పుడూ ఉన్నదే. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత కూడా ఉంది. కానీ కంప్యూటర్ ఆటల్లో మద్దెల నిజంగానే ఓడుగా ఉండొచ్చు. గోళీలాటలో ఎవడైనా తొండి చేస్తే అక్కడికక్కడే పట్టుకుంటాం. కంప్యూటర్ ఆటలో నియమాలన్నీ లోపల దాగి ఉంటాయి, అవతల జరుగుతున్నది తొండో కాదో పైకి తెలియదు. అందుకే బొమ్మలు ఎంత బాగున్నాయి, కథ ఎంత పెద్దది అన్నవి నాకు తరవాతి సంగతులు. ఓడిపోగానే ‘తప్పు నాదే, ఇంకోసారి ఆడితే గెలుస్తాను’ అనిపించాలి. అలా అనిపించేదే మంచి ఆట. ఆ కొలతతో చూసిన కొన్ని ఆటల సంగతులు, వాటి మీద నా అభిప్రాయాలు ఇవి.

దెయ్యాలకూ పద్ధతి ఉంది

జపాన్‌కు చెందిన నామ్కో సంస్థ 1980లో తెచ్చిన ప్యాక్‌మ్యాన్‌లో నాలుగు దెయ్యాలూ ఒకేలా వెంటపడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి రూపకర్త తోరు ఇవతాని ఒక్కోదానికి ఒక్కో బుద్ధి పెట్టారు. ఎర్రది మనం ఉన్న గడి మీదికే నేరుగా వస్తుంది. గులాబీది మనకు నాలుగు గడుల ముందుకు గురిపెట్టి దారి కాయాలని చూస్తుంది. నీలిది ఎర్రది ఎక్కడుందో, మనం ఎటు పోతున్నామో రెండూ చూసుకుని గురి కుదుర్చుకుంటుంది. నారింజది దూరంగా ఉన్నంతసేపే తరుముతుంది. ఎనిమిది గడుల దగ్గరికి వచ్చేసరికి తన మూలకు మళ్లిపోతుంది.

దీనికి తోడు మొదటి లెవెల్‌లో మొదటి 7 సెకన్లు నాలుగూ తమ తమ మూలలకే పోతాయి. తరవాత 20 సెకన్లు తరుముతాయి. మళ్లీ 7 సెకన్లు మనకు ఊపిరి తీసుకునే సమయం. ఈ తరమడంలో లాటరీ ఏమీ లేదు. మనం అచ్చంగా అదే దారిలో, అదే వేళకు వెళ్తే అవీ అదే దారిలో వస్తాయి. అంటే వాటిని చదవొచ్చు, నేర్చుకోవచ్చు. ఇంత నిజాయితీగల శత్రువులు నాకు మరో ఆటలో కనబడలేదు.

అయితే 256వ లెవెల్‌లో మాత్రం ఆట చేతులెత్తేస్తుంది. లెవెల్ సంఖ్యను దాచుకునే 8 బిట్ల చోటు 255తో నిండిపోవడంతో తెర కుడి సగమంతా పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. ఆ లెవెల్‌ను మామూలుగా ఆడి పూర్తిచేయలేం.

గ్రహాంతరవాసుల పరుగు వెనుక

1978లో టైటో సంస్థ విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో 55 గ్రహాంతరవాసులు వరుసలు కట్టి కిందికి దిగుతుంటారు. మనం కాల్చేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. మొదట ఇది ఎవరూ అనుకుని పెట్టింది కాదు. అప్పటి ప్రాసెసర్‌కు 55 బొమ్మలను కదపడం భారం. బొమ్మలు తగ్గేకొద్దీ పని తగ్గి, మిగిలినవి వేగంగా కదిలాయి. రూపకర్త టోమోహిరో నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశారు. చివరికి మిగిలిన ఒక్కడే అందరికన్నా ప్రమాదకరం. మన గెలుపే మన కష్టాన్ని పెంచుతుంది. ఆటను క్రమంగా కఠినం చేయడానికి ఇంతకన్నా న్యాయమైన దారి లేదని నా నమ్మకం.

ఒక్క మాటా చెప్పకుండా నేర్పిన గురువు

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. చోటు కోసం మేఘాలకూ పొదలకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు.

నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది మొదటి లెవెల్‌లోని మొదటి కొన్ని అడుగులు. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. కాబట్టి కుడికి నడుస్తాం. ఎదురుగా కోపంగా చూస్తూ ఓ పుట్టగొడుగు శత్రువు వస్తాడు. తగిలితే పోతాం, ఎగిరితే బతుకుతాం. తరవాత ప్రశ్న గుర్తున్న ఇటుకను తలతో కొడితే మంచి పుట్టగొడుగు బయటికొస్తుంది. అది కుడికి జారి, గొట్టానికి తగిలి, తిరిగి మనవైపే వస్తుంది. భయపడి ఎగిరినా పైన ఇటుకలు అడ్డుపడతాయి, చాలావరకు అది తగలకుండా పోదు. తగలగానే మారియో పెద్దవాడవుతాడు. ఇది మేలు చేసేదని అప్పుడు తెలుస్తుంది. ఒక్క సూచన చదివించకుండా షిగెరు మియామోటో ఆ కాస్త చోటులోనే ఆటంతా నేర్పేశారు. ఆడనివ్వకుండా అరగంట పాఠాలు చెప్పే ఇప్పటి ఆటల రూపకర్తలు ఈ ఒక్క లెవెల్‌ను శ్రద్ధగా చూడాలి.

ముప్పై లైఫ్‌లు తొండేనా?

తొంభైలలో టీవీకి తగిలించే వీడియో గేమ్‌లతో, క్యాసెట్లు మార్చుకుంటూ పెరిగిన మనవాళ్లకు కాంట్రా పేరు చెబితే చాలు. ఒక్క తూటా తగిలినా లైఫ్ పోయే ఆట అది. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపైన బి, ఎ నొక్కితే మూడు లైఫ్‌లకు బదులు ముప్పై వచ్చేవి. ఈ కోడ్ పుట్టింది కాంట్రా కోసం కాదు. 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంటి వీడియో గేమ్‌కు మారుస్తున్న కజుహిసా హషిమోటోకు, పరీక్ష కోసం ఆ ఆటను చివరిదాకా ఆడటం కష్టమైంది. తన సౌకర్యం కోసం ఆయన పెట్టుకున్న ఈ కోడ్ ఆటలోనే ఉండిపోయింది. ఆయన 2020లో కన్నుమూశారు.

ఇది తొండి కాదనే అంటాను. ముప్పై లైఫ్‌లు ఇచ్చినా తూటాలు తగ్గవు, శత్రువులు మెత్తబడరు. నేర్చుకోవడానికి మరికొన్ని అవకాశాలు దొరుకుతాయి, అంతే. అవీ పైసా అడగకుండా.

నీడే శత్రువైన వేళ

1989లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం జోర్డాన్ మెక్నర్ చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా నా లెక్కలో అన్నిటికన్నా పై మెట్టు మీదుంటుంది. తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కో ఫ్రేముగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా ఆధారం. సంగీతం ఆయన తండ్రిదే.

కొత్త శత్రువు బొమ్మలకు మెమరీలో చోటు లేకపోతే, రాకుమారుడి బొమ్మలనే కాస్త జరిపి, వాటి మీద వాటినే వేసి మెరిసే నీడ మనిషిని పుట్టించారు. అద్దంలోంచి దూకి వచ్చే ఆ నీడ ఆట పొడవునా మనల్ని వేధిస్తుంది. చివర్లో కత్తులు దూసి ఎదురుపడినప్పుడు దాన్ని పొడిస్తే మన రక్తమే తగ్గుతుంది. గెలవాలంటే కత్తి ఒరలో పెట్టి దానివైపు నడవాలి. అప్పుడు నీడ మనలో కలిసిపోతుంది. ఇంత లోతైన ఘట్టం చోటు చాలకపోవడం వల్ల పుట్టింది.

ఇక న్యాయం సంగతి. ఒక అంతస్తు ఎత్తునుంచి పడితే ఏమీ కాదు, రెండైతే ఒక ప్రాణబిందువు పోతుంది, మూడైతే చావే. మామూలుగా ఈ లెక్క మారదు. షిఫ్ట్ మీట పట్టుకుంటే రాకుమారుడు ఆచితూచి అడుగేస్తాడు. అలా నడిస్తే నేలలోంచి లేచే ఈటెల మధ్య నుంచి కూడా క్షేమంగా దాటొచ్చు. అంచు దగ్గరికి రాగానే కాలితో తడిమి ఆగుతాడు. తొందరపడి చచ్చామంటే ఆ తప్పు ముమ్మాటికీ మనదే. గడియారంలో మాత్రం 60 నిమిషాలే. నిదానించమంటుంది, ఆలస్యం చేయొద్దంటుంది. ఆ లాగులాటలోనే ఆట మజా అంతా ఉంది.

ల్యాబుల్లో డేవ్

కంప్యూటర్ ల్యాబుల్లో మాస్టారు అటు తిరగగానే తెరమీదికి వచ్చే డేంజరస్ డేవ్‌ను 1988లో జాన్ రొమెరో రూపొందించారు. డాస్ కంప్యూటర్లకు అది 1990లో వచ్చింది. మొత్తం పది లెవెల్‌లు, కప్పు అందుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. అదే రొమెరో 1993లో ప్రపంచాన్ని ఊపేసిన డూమ్ రూపకర్తల్లో ఒకరు. డేవ్ దూకుడు మొరటుగా ఉంటుంది, అందులో మారియో నాజూకు లేదు. నియమం మాత్రం సూటిగా ఉంటుంది. నాకు అది చాలు.

మైన్‌స్వీపర్ దయ, మైన్‌స్వీపర్ అన్యాయం

పాత విండోస్ మైన్‌స్వీపర్‌లో మొదటి నొక్కుకే బాంబు పేలదు. మనం నొక్కిన గడిలో బాంబు ఉంటే ఆట దాన్ని చప్పుడు చేయకుండా ఎడమ పై మూలకు మార్చేస్తుంది. అంత మర్యాద తెలిసిన ఆటే చివర్లో అన్యాయం చేస్తుంది. పెద్ద బోర్డులో 480 గడులు, 99 బాంబులు. అన్నీ లెక్క ప్రకారం తెరుచుకుంటూ వచ్చాక ఒక్కోసారి రెండే గడులు మిగిలి, ఏది బాంబో చెప్పే ఆధారమే ఉండదు. అక్కడ బుద్ధికి పని లేదు, కళ్లు మూసుకుని నొక్కడమే. సైమన్ టాథమ్ అనే ప్రోగ్రామర్ చేసిన మైన్స్ ఆటలో ఊహ అవసరం లేకుండా తర్కంతోనే పూర్తయ్యే బోర్డులే వస్తాయి. ఈ ఆట ఇష్టపడేవాళ్లు ఒకసారి అది ఆడి చూడండి.

ఇంకో సంగతి. ఒక మైన్‌స్వీపర్ బోర్డులో కనిపిస్తున్న అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో తేల్చడం కంప్యూటర్ శాస్త్రంలోని అత్యంత కఠిన సమస్యల కోవలోకి వస్తుందని గణితజ్ఞుడు రిచర్డ్ కే 2000లో నిరూపించారు.

టెట్రిస్‌లో ఓటమి రాసిపెట్టి ఉందా?

మాస్కోలోని సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో 1984లో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ రాసిన ఎలెక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీయడమే రాదు. ముక్కలను బ్రాకెట్ గుర్తులతో చూపించారు. ముక్కలు పూర్తిగా లాటరీ పద్ధతిలో వస్తే ఎంత గొప్ప ఆటగాడైనా ఏదో ఒకనాటికి ఓడక తప్పదని 1990లలో గణితజ్ఞులు తేల్చారు. వంకర ముక్కలు రెండు రకాలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటే గట్టెక్కే దారే లేదు.

ఇప్పటి టెట్రిస్‌లలో చాలావాటికి దీనికి విరుగుడు ఉంది. ఏడు ముక్కలనూ ఒక సంచిలో వేసి కలిపి, అన్నీ అయిపోయాకే మళ్లీ సంచి నింపుతారు. కాబట్టి నిలువు కర్ర కోసం ఎంత ఎదురుచూసినా మధ్యలో పన్నెండు ముక్కలకు మించి రావు. పాతకాలపు ఆటగాళ్లు కొందరు దీన్ని మెత్తదనం అంటారు. నేను న్యాయం అంటాను.

మన కోసం లెక్క మార్చిన ఆట

సివిలైజేషన్ సృష్టికర్త సిడ్ మెయర్ 2010లో ఒక ఉపన్యాసంలో చెప్పిన ముచ్చట ఇది. యుద్ధంలో మన బలం మూడు, ఎదుటివాడిది ఒకటి అని చూపిస్తే, లెక్క ప్రకారం నాలుగింట ఒకసారి ఓడాలి. కానీ అలా ఓడినవాళ్లు ఆట తప్పని గొడవ పెట్టారు. దాంతో లోపలి లెక్కను ఆటగాడివైపు కాస్త వంచారు. ఫైర్ ఎంబ్లెమ్ ఆటల్లోనూ 2002 నుంచి ఇలాంటిదే జరిగింది. తెరమీద 90 శాతం అని చూపితే నిజంగా తగిలే అవకాశం 98 శాతం.

మనకు మేలు చేసేదే అయినా ఇది నాకు నచ్చదు. అంకె చూపించాక ఆ అంకెకు కట్టుబడాలి. ఓటమిని తట్టుకోవడం ఆటగాడు నేర్చుకోవాలి.

2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆట చేసిన మేలును మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అంచు దాటాక రెప్పపాటులోపు ఎగిరే మీట నొక్కినా పాత్ర ఎగురుతుంది. అక్కడ అబద్ధపు అంకె లేదు. చెయ్యి కాస్త ఆలస్యమైనా మనసులో అనుకున్నది జరుగుతుంది.

చోళులు వచ్చారు, కాకతీయులో?

1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ను 2019లో కొత్తగా దిద్దినప్పుడు అందులోని కంప్యూటర్ ప్రత్యర్థి అదనపు వనరులు దొంగచాటుగా తీసుకోకుండా ఆడేలా చేశారు. ఆ ఒక్క మార్పుతోనే నాకు ఆ ఆట మీద గౌరవం రెట్టింపైంది. 2022లో వచ్చిన భారత రాజవంశాల విస్తరణలో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు చేరారు. రాజేంద్ర చోళుడి దండయాత్రలు ఆడొచ్చు. రుద్రమదేవి ఓరుగల్లు కోటకూ, శ్రీకృష్ణదేవరాయల కళింగ జైత్రయాత్రకూ అందులో చోటు దక్కాలని నా కోరిక. ఇంతమంది తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, ఆ పని మనవాళ్లే ఎందుకు చేయకూడదు?

డబ్బా తెరిస్తే ఏముంటుంది?

2017లో స్టార్‌వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో పేరున్న వీరులను అందుకోవాలంటే గంటల తరబడి ఆడాలి, త్వరగా బలం పెంచుకోవాలంటే డబ్బు పెట్టి లాటరీ డబ్బాలు కొనాలి అన్న ఏర్పాటు చూసి ఆటగాళ్లు తిరగబడ్డారు. విడుదలకు కాస్త ముందు సంస్థ ఆ కొనుగోళ్లను ఆపేసింది. 2018లో బెల్జియం జూద నియంత్రణ సంఘం ఇలాంటి డబ్బాలను జూదంగా తేల్చింది.

ఇదే అసలైన తొండి. ఇక్కడ ఓడితే తప్పు మన చేతిదీ కాదు, బుద్ధిదీ కాదు, జేబుదని ఆట నమ్మిస్తుంది. ప్యాక్‌మ్యాన్ నుంచి సెలెస్ట్ దాకా మంచి ఆటలన్నీ అడిగేది మన సాధనను మాత్రమే. పిల్లలు ఎన్ని గంటలు ఆడుతున్నారో లెక్కపెట్టే తల్లిదండ్రులకు నా విన్నపం: ఒకసారి పక్కన కూర్చుని, ఓడిన ప్రతిసారీ ఆ ఆట ఏం అడుగుతోందో చూడండి. ఇంకోసారి ప్రయత్నించమంటే, చదువు అయ్యాక హాయిగా ఆడనివ్వండి. డబ్బు కట్టమంటే ఆ రోజే ఫోన్లోంచి తీసేయండి.