శవంతో పంపిన ఉత్తరం రాసింది.. మా ఊరి గవర్నరే!

మాది కోటబొమ్మాళి అని చెప్పగానే ఇప్పుడు అందరూ "పీఎస్సా?" అని నవ్వుతారు. 2023లో ఆ సినిమా వచ్చాక మా ఊరి పేరుకి ఆ తోక తగులుకుంది. ఆ నవ్వుకి అలవాటు పడిపోయాను గానీ, ఇంకో సినిమా కూడా మమ్మల్ని వెతుక్కుంటూ వస్తుందని అనుకోలేదు.

మొన్నొక రాత్రి ఫోన్లో 'ఆపరేషన్ మిన్స్‌మీట్' అనే ఇంగ్లీష్ సినిమా చూశా. నిజంగా జరిగిన కథ. 1943 ఏప్రిల్ 30న బ్రిటిష్ వాళ్లు ఒక శవానికి మేజర్ యూనిఫాం తొడిగి, రహస్య ఉత్తరాలున్న బ్యాగు తగిలించి, సబ్‌మెరైన్‌లో తీసుకెళ్లి స్పెయిన్ తీరంలో వదిలేశారు. ఆ ఉత్తరాలు ఎలాగూ జర్మన్ల కంట పడతాయని లెక్క. పడ్డాయి. బ్రిటిష్ సైన్యం గ్రీసులో దిగుతుందన్నట్టు అందులో రాసి ఉంది. హిట్లర్ నమ్మి అటు బలగాలు పంపాడు. అసలు దాడి మాత్రం జులై 10న సిసిలీ మీద మొదలైంది.

ఆ ఉత్తరం రాసిన జనరల్ పేరు ఆర్చిబాల్డ్ నై. ఎవరీయన అని వెతికితే మతి పోయింది. 1946 మే నుంచి 1948 సెప్టెంబరు దాకా మద్రాసు గవర్నరు! అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950లో ఏర్పడింది. మా ఊరు విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు పాలన కింద ఉండేది. అంటే మా తాత గోళీలాడుకునే రోజుల్లో మాకు గవర్నరు ఈయనే. ఇంకో తమాషా ఏంటంటే, అదే బ్యాగులో మౌంట్‌బాటన్ ఉత్తరం కూడా ఉంది. ఒక శవంతో ఉత్తరాలు పంపిన ఇద్దరూ నాలుగేళ్లకి మన దేశంలో తేలారు. ఒకరు ఢిల్లీలో వైస్రాయి, ఒకరు మద్రాసులో గవర్నరు.

సిపాయిగా మొదలై

నై 1895లో డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి సార్జెంట్ మేజర్. ఆఫీసర్ల ఇంటి పిల్లలే ఆఫీసర్లయ్యే కాలం అది. సైనికుల పిల్లల కోసం పెట్టిన బడిలో చదివి, 1914లో యుద్ధం మొదలవగానే మామూలు సిపాయిగా చేరాడు. మరుసటి ఏడాదికే ఆఫీసరయ్యాడు. మిలటరీ క్రాస్ సంపాదించాడు. ఉద్యోగం చేస్తూనే లా చదివి బారిస్టర్ కూడా అయ్యాడు. 1941 చివరికి బ్రిటిష్ సైన్యంలో నంబర్ టూ.

మా వైపు తెల్లారుజామున రోడ్డు మీద ఆర్మీ సెలక్షన్లకి పరిగెత్తే కుర్రాళ్లని చూసే ఉంటారు. ఈయన కథ వాళ్లకి చెప్తే అర్థం కావడానికి వివరణ అక్కర్లేదు.

కుర్చీ మారింది

నాకు బాగా నచ్చింది మాత్రం తర్వాతి భాగం. నై వచ్చేసరికి మద్రాసులో ప్రధాని టంగుటూరి ప్రకాశం. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. 1947లో ఆ కుర్చీలోకి ఓమందూరు రామస్వామి రెడ్డియార్ వచ్చారు. ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. తెల్ల గవర్నర్లు చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు. మద్రాసులో నై, బొంబాయిలో కొల్విల్ మాత్రం కొత్త భారత ప్రభుత్వం కింద కొనసాగారు.

1948 సెప్టెంబరులో నై గవర్నరు పదవి దిగారు. అదే ఏడాది ఢిల్లీలో బ్రిటన్ హైకమిషనర్ అయ్యారు. హైకమిషనర్ అంటే రాయబారే, కామన్వెల్త్ దేశాల మధ్య ఆ పేరు వాడతారు. నిన్నటిదాకా నాలుగు కోట్లకు పైగా జనమున్న రాష్ట్రానికి అధిపతి. ఇప్పుడు అదే దేశంలో అపాయింట్‌మెంట్ అడిగి మంత్రుల్ని కలవాల్సిన పరాయి దేశం మనిషి.

వచ్చీ రాగానే పెద్ద చిక్కుముడే ఎదురైంది. రాజు వద్దు, రిపబ్లిక్ అవుతామని ఇండియా అంటోంది. కామన్వెల్త్ పెద్దేమో బ్రిటిష్ రాజు. మరి ఇండియా అందులో ఉండొచ్చా? 1949 ఏప్రిల్‌లో లండన్‌లో దారి దొరికింది. రాజుకి విధేయత చెప్పక్కర్లేకుండానే సభ్యత్వం. ఆ మాటలు నడిచినప్పుడు ఢిల్లీలో బ్రిటన్ తరఫు మనిషి నై. 1952 దాకా ఇక్కడే ఉండి, తర్వాత కెనడాకి హైకమిషనర్‌గా వెళ్లి, 1956లో ఆ పని ముగించారు. 1967లో చనిపోయారు.

తాత తీర్పు

ఇదంతా ఉత్సాహంగా తాతకి చెప్పా. ఆయన చుట్ట తీసి, "ఎవుల్రా ఆ దొర? మాకేటి తెల్దు. మాకెరికైందల్లా జమీందారూ, శిస్తూనూ" అన్నాడు.

గాలి తీసిన బుడగలా అయిపోయా. కానీ తాత మాటలో నిజముంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. కొన్ని రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో పోలీసు కాల్పులకి సాసుమాను గున్నమ్మ ప్రాణం పోయింది. నై గవర్నరుగా ఉండగా 1947లో ఎస్టేట్ రైతులకి శిస్తు తగ్గించే చట్టం వచ్చింది. ఆ వెనకే 1948 నాటి జమీందారీ రద్దు చట్టం. అది దొర దయ కాదు. గున్నమ్మ లాంటి వాళ్ల పోరాటం, జనం ఎన్నుకున్న మంత్రివర్గాల నిర్ణయం.

అయినా నై మీద నాకు గౌరవం తగ్గలేదు. ఏలిన చోటే అతిథిగా కూర్చోవడానికి ఒప్పుకోవడం అందరి వల్లా కాదు. అదే మాట తాతతో అన్నా. చుట్ట ఆర్పి ఒక్కటే అడిగాడు: "మరి ఆ శవం ఎవులిదిరా?"

గ్లిండర్ మైకేల్ అని, ఇల్లూ వాకిలీ లేని ఒక వేల్స్ పేదవాడు. చెప్పాను. తాత చాలాసేపు ఏమీ అనలేదు.