మాండలిక సేకరణలో బాహ్య చరాల నియంత్రణ

‘బాహ్య చరాలు’ అన్న మాట వినగానే అది ప్రయోగశాలలకూ గణాంకాలకూ చెందిన విషయమని తెలుగు పరిశోధకులు పక్కన పెట్టడం తరచు కనిపిస్తుంది. క్షేత్రపర్యటన చేసి పదాలు సేకరించే వారికే ఆ అవగాహన ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఒక గ్రామంలో అరవై దాటినవారినీ ఇరవై ఏళ్ల యువకులనూ వరిసాగు పదాలు అడిగామనుకుందాం. పెద్దలు ఎక్కువ పదాలు చెప్పారు. తరం మారడం వల్ల పదజాలం నశిస్తోందని వెంటనే రాసేస్తాం. కానీ ఆ పెద్దలంతా రైతులు, యువకులంతా డిగ్రీ విద్యార్థులు అయితే, భేదానికి కారణం వయసా, వృత్తా, చదువా? వయసును స్వతంత్ర చరంగా తీసుకున్నామే గాని, మిగిలిన రెండూ దాని చాటున పనిచేశాయి. సేద్యం చేసే యువకులనూ, సేద్యం ఎరుగని వృద్ధులనూ వక్తలుగా చేర్చుకుంటే తప్ప ఆ నిర్ధారణకు సప్రమాణత లేదు.

ఈ విషయంలో విలియం లబోవ్ 1962లో న్యూయార్క్‌లో చేసిన అధ్యయనం ఇప్పటికీ మంచి పాఠం. సంపన్నులు వెళ్లే శాక్స్, మధ్యతరగతి మేసీస్, చౌక ధరల ఎస్. క్లైన్ దుకాణాలను ఎంచుకొని, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడుందని ఉద్యోగులను అడిగాడు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అన్న జవాబులో రకారం పలుకుతుందా లేదా అన్నదే పరిశీలన. వినపడనట్టు నటించి మళ్లీ చెప్పించుకున్నాడు. మొత్తం 264 మంది. రకారాన్ని పూర్తిగానో కొంతగానో పలికినవారు శాక్స్‌లో 62 శాతం, మేసీస్‌లో 51, క్లైన్‌లో 20. ప్రశ్న ఒక్కటే, జవాబు ఒక్కటే; తమ మాటను ఎవరో గమనిస్తున్నారన్న స్పృహ వక్తలకు లేదు. అంతటితో ఆగలేదు. జాతి, లింగం, ఉద్యోగం ఫలితాన్ని మార్చి ఉండవచ్చన్న సందేహంతో, న్యూయార్క్‌లోనే పెరిగిన శ్వేతజాతి అమ్మకపు ఉద్యోగినులను మాత్రమే వేరుచేసి చూశాడు. క్రమం మారలేదు. ధ్వనిముద్రణ లేకపోవడం, వయసును ఊహించి రాసుకోవడం ఆ పద్ధతిలోని లోపాలు. (అనుమతి లేని పరిశీలనను నేటి పరిశోధన నైతికత ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది వేరే చర్చ.)

మన సేకరణలో పెద్ద బాహ్య చరం తరచు మనమే. ‘ఉల్లిపాయను మీరేమంటారు?’ అని అడిగితే ప్రశ్నే జవాబును అందిస్తుంది. ఆ వస్తువునే చేతిలో పెట్టి చూపితే ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ సహజంగా వస్తాయి. నా పిహెచ్.డి. సేకరణలో తెలంగాణలోని ఒక గ్రామంలో ఒక వృద్ధురాలు పాఠశాల అరుగు మీద, ఉపాధ్యాయుని సమక్షంలో, ‘వచ్చాడు’ అనే అన్నది. మర్నాడు పొలం గట్టున ‘వచ్చిండు’ అన్నది. ఉపాధ్యాయుడు లేకపోవడమే కారణమని సంతోషంగా రాసుకున్నాను. స్థలం కూడా మారిందన్న సంగతి పర్యవేక్షకులు అడిగే వరకు తోచలేదు. మళ్లీ వెళ్లి అదే అరుగు మీద, ఉపాధ్యాయుడు లేని వేళ మాట్లాడించాను. ‘వచ్చిండు’ అనే వచ్చింది. ఒక్క వక్తతో అది రుజువు కాదు గాని, అనుమానం బలపడింది. అంతకుముందు చేసిన ముద్రణల్లో దగ్గర ఎవరున్నారో రాసుకోలేదు కనుక వాటిని క్రియారూపాల విశ్లేషణకు వాడుకోలేకపోయాను.

అయితే నియంత్రణ పెరిగేకొద్దీ అధ్యయన పరిధి కుంచించుకుపోతుంది. చదువుకోని, ఊరు దాటని వృద్ధ పురుషులనే వక్తలుగా ఎంచుకోవడం మాండలిక శాస్త్రంలో పాత సంప్రదాయం. దానివల్ల బయటి భాషాప్రభావం తగ్గుతుంది, నిజమే. కాని స్త్రీల మాట, వలస వెళ్లి వచ్చినవారి మాట ఆ పదపట్టికలోకి రావు. అలాంటి సిద్ధాంతగ్రంథానికి ‘జిల్లా మాండలికం’ అని పేరు పెట్టడం సరికాదు. ఆ వక్తల వర్గం పేరు శీర్షికలోనే ఉండాలి. ఇక ప్రతి ముద్రణకూ తేదీ, స్థలం, సమీపంలో ఉన్నవారు, అడిగిన ప్రశ్న యథాతథంగా అనుబంధంలో ఇస్తే, మనకు తట్టని చరాన్ని పరీక్షకుడైనా పట్టుకోగలుగుతాడు.