సూదితో ముక్కు దిద్దుకోవచ్చా?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. రైలు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. నెహ్రూ నగర్‌లో అలాంటి ఒక ఇంట్లో డిగ్రీ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఉందనుకుందాం. ఒక పెళ్లిలో ఎవరో బంధువు "అన్నీ బాగున్నాయి గానీ, ముక్కే కాస్త చప్పిడి" అన్నారు. ఇంటికి వచ్చి సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకుని చూసుకుంటే ఆ మాట నిజమేననిపించింది. అదే సమయంలో, ఆపరేషన్ లేకుండా సూదిమందుతో ముక్కును కోటేరులా దిద్దుతామనే ప్రకటన ఒకటి కంటపడింది. ఆమె ఏం చేయాలి? సమాధానం వెతికే ముందు ఆ సూదిలో ఏముందో, అది ముక్కులో ఏం చేస్తుందో తెలుసుకుందాం.

ముక్కు ఆకారం దేనివల్ల?

మీ ముక్కును పైనుంచి కిందికి వేలితో తడిమి చూడండి. పైభాగం గట్టిగా, కదలకుండా ఉంటుంది. అది ఎముక. కిందిభాగం అటూ ఇటూ వంగుతుంది. అది మృదులాస్థి. ముక్కు ఆకారాన్ని ప్రధానంగా నిర్ణయించేవి ఈ రెండే. శస్త్రచికిత్సలో వైద్యులు వీటినే చెక్కి, కత్తిరించి, సరిచేస్తారు. సూది పద్ధతిలో వీటిని ముట్టుకోరు. చర్మం కింద ఒక జిగట పదార్థాన్ని నింపుతారు. దానిని ఫిల్లర్ అంటారు.

ఎక్కువగా వాడే ఫిల్లర్ హయలూరోనిక్ ఆమ్లం. ఇది మన శరీరంలో సహజంగా ఉండే పదార్థమే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు దీనిని ఆవు కంటిలోని ద్రవం నుంచి వేరుచేశారు. చక్కెర అణువులు గొలుసులా చేరి ఏర్పడిన ఈ పదార్థం నీటిని బాగా పట్టి ఉంచుతుంది. 70 కిలోల మనిషిలో ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది. అందులో దాదాపు మూడోవంతు రోజూ విచ్ఛిన్నమై, మళ్లీ తయారవుతూ ఉంటుంది. సహజ రూపంలో ఎక్కిస్తే త్వరలోనే కరిగిపోతుంది కాబట్టి, ఫిల్లర్‌లో ఈ గొలుసులను రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడివేస్తారు. అప్పుడది కొన్ని నెలల నుంచి ఏడాది, ఏడాదిన్నర వరకు నిలుస్తుంది. హయలూరోనిడేజ్ అనే ఎంజైమును ఎక్కించి దీనిని కరిగించవచ్చు. సిలికాన్ వంటి పదార్థాలకు ఈ సౌకర్యం లేదు.

ఏం చేయగలదు? ఏం చేయలేదు?

ఇక్కడ ఒక సాధారణ సూత్రం గుర్తుంచుకోండి. ఫిల్లర్ చేర్చగలదు గానీ తీసివేయలేదు. ముక్కు దూలం మీద చిన్న బొడిపె ఉంటే దాని పైన, కింద నింపి గీత తిన్నగా కనిపించేలా చేయవచ్చు. చప్పిడి ముక్కు దూలాన్ని కొంచెం ఎత్తు చేయవచ్చు. కానీ పెద్ద ముక్కును చిన్నది చేయడం, వెడల్పు నాసికా రంధ్రాలను తగ్గించడం దీనివల్ల కాదు. మధ్య గోడ వంకరగా ఉండి ఊపిరి ఆడకపోతే అదీ సరికాదు. దానికి చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి చూడాలి.

పాత పాఠాలు

ముక్కు దిద్దే విద్య మన దేశానికి కొత్త కాదు. తెగిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. మైసూరు యుద్ధంలో ముక్కు కోల్పోయిన కావస్జీ అనే బండివాడికి పూనాలో నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లండులో ఆ శస్త్రచికిత్స చేశాడు.

సూది పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. సుమారు 1900 ప్రాంతంలో వియన్నాకు చెందిన రాబర్ట్ గెర్సునీ కరిగించిన పారాఫిన్ మైనాన్ని చర్మం కింద ఎక్కించే పద్ధతి తెచ్చాడు. మొదట అందరూ మెచ్చుకున్నారు. తరువాత ఆ మైనం పక్కకు జారడం, గడ్డలు కట్టడం మొదలైంది. రక్తనాళంలోకి పోయి చూపు పోయిన సంఘటనలూ జరిగాయి. మైనం పోయింది, కొత్త పదార్థాలు వచ్చాయి. కానీ రక్తనాళాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ప్రమాదం ఎక్కడుంది?

ముక్కు దూలం మీద పారే ధమని కంటికి రక్తం తెచ్చే ధమని నుంచే వస్తుంది. సూది మొన పొరపాటున ఈ చిన్న ధమనిలో దిగిందనుకోండి. సిరంజి ఒత్తిడికి ఫిల్లర్ రక్త ప్రవాహానికి ఎదురుగా వెనక్కి పోతుంది. ఒత్తిడి తగ్గగానే రక్తంతోపాటు ముందుకు కొట్టుకువచ్చి, కంటిలోని నేత్రపటలానికి వెళ్లే ధమనిని మూసేస్తుంది. రక్తం అందకపోతే నేత్రపటలం సుమారు ఒకటిన్నర గంటకు మించి తట్టుకోలేదు. బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు రైలుమార్గం సుమారు 110 కిలోమీటర్లు. పెద్ద ఆసుపత్రి అక్కడుందని బయలుదేరితే ఆ సమయం దారిలోనే గడిచిపోతుంది!

ఇది అరుదుగా జరిగేదే. కానీ జరిగితే పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టం. ఫిల్లర్ల వల్ల చూపు దెబ్బతిన్న 98 సంఘటనలను 2015లో ఒక వైద్య పత్రిక సమీక్షించింది. వాటిలో దాదాపు నాలుగోవంతు ముక్కు దగ్గర ఎక్కించినవే. చర్మానికి వెళ్లే ధమని మూసుకుపోతే ముక్కు మీది చర్మం చచ్చిపోయి మచ్చ పడవచ్చు.

ఫోటో చెప్పే అబద్ధం

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. చెవుల దగ్గరి భాగం ముక్కు కొన కన్నా 10 సెం.మీ. వెనుక ఉందనుకోండి. ఫోను ముక్కుకు 30 సెం.మీ. దూరంలో ఉంటే చెవుల దగ్గరి భాగం 40 సెం.మీ. దూరంలో ఉంటుంది. దగ్గరి వస్తువు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, ముఖం అంచులతో పోలిస్తే ముక్కు 40/30, అంటే 1.33 రెట్లు కనిపిస్తుంది. అదే ఫోటోను 150 సెం.మీ. దూరం నుంచి తీస్తే 160/150, అంటే 1.07 రెట్లే. అమెరికా పరిశోధకులు 2018లో ప్రచురించిన గణిత నమూనా కూడా, 30 సెం.మీ. దూరపు ఫోటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని తేల్చింది. స్నేహితురాలిచేత ఐదడుగుల దూరం నుంచి ఒక ఫోటో తీయించుకుని మీరే పోల్చి చూడండి.

నిర్ణయానికి ముందు

మొదటిది వయసు. ముక్కు ఎదుగుదల సుమారుగా అమ్మాయిలలో 15–16 ఏళ్లకు, అబ్బాయిలలో 17–18 ఏళ్లకు పూర్తవుతుంది. అంతకు ముందు దానిని దిద్దే ఆలోచన తగదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అయితే ఫిల్లర్లను 21 ఏళ్లు దాటిన పెద్దలకే, అదీ కొన్ని భాగాలకే అనుమతించింది.

రెండోది చేసే మనిషి. చర్మవ్యాధులలో గానీ ప్లాస్టిక్ సర్జరీలో గానీ పి.జి. చేసిన వైద్యులే చేయాలి, బ్యూటీ పార్లర్లలో కాదు. ఆ గదిలో హయలూరోనిడేజ్ సిద్ధంగా ఉందా, కంటి వైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారి దగ్గర చేయించుకోకండి. సూది వేశాక తీవ్రమైన నొప్పి, చర్మం తెల్లబడడం, నీలి గీతలు, చూపు మసకబారడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

మూడోది ఆరోగ్యం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముక్కు మీద కురుపులున్నవారు చేయించుకోకూడదు. ఇంతకుముందు ముక్కుకు ఆపరేషన్ అయినవారిలో ప్రమాదం ఎక్కువ.

నాలుగోది మనసు. ఇతరులకు కనిపించని చిన్న లోపాన్ని రోజుకు గంటల కొద్దీ తలచుకుంటూ, అద్దం ముందు నుంచి కదలలేకపోతే, అది ముక్కు జబ్బు కాదు. శరీర రూపం గురించిన మానసిక రుగ్మత కావచ్చు. ప్రతి 100 మందిలో సుమారు ఇద్దరికి ఇది ఉంటుందని అంచనా. వీరికి సూదితో తృప్తి కలగదు, మానసిక వైద్యుని సాయంతో మేలు జరుగుతుంది.

నెహ్రూ నగర్ అమ్మాయి విషయానికి వద్దాం. ఆమె కోరిక తప్పు కాదు. పెద్దయ్యాక, అన్నీ తెలుసుకుని, సొంత ఇష్టంతో చేయించుకుంటే అది ఆమె హక్కు. కానీ పెళ్లిపందిట్లో ఎవరో అన్న మాటకు, చేయి చాచి తీసుకున్న ఫోటోకు కంటిచూపును పందెం కాయాలా? ఒక ఏడాది ఆగితే ఆమెకు పోయేదేమీ లేదు. అప్పటికీ ఆ కోరిక అలాగే ఉంటే, అర్హత ఉన్న వైద్యుణ్ణి పై ప్రశ్నలన్నీ అడిగి నిర్ణయించుకోవచ్చు.